ఉల్లిపొర తూకం ఒక గాఢత చెప్పి, సూక్ష్మదర్శిని మరొకటి చెబితే

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నేను దాన్ని సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ఒకే ఎర్ర ఉల్లిగడ్డ నుంచి కోసిన ముక్కలను వేర్వేరు గాఢతల పంచదార ద్రావణాల్లో వేసి, రెండు గంటల తరువాత తూచారు. 0.25 మోలార్ ద్రావణంలో వేసిన ముక్కల బరువు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. అదే ఉల్లిగడ్డ నుంచి పైచర్మాన్ని ఒలిచి, అవే ద్రావణాల్లో ఉంచి సూక్ష్మదర్శిని కింద చూస్తే 0.25 మోలార్‌లో ఒక్క కణం కూడా ముడుచుకోలేదు. సుమారు సగం కణాల్లో ప్లాస్మాపొర గోడ నుంచి విడివడడం 0.4 మోలార్ దగ్గర గాని కనిపించలేదు. కణరసానికి సరిసమానమైన గాఢత ఒక్కటే ఉండాలి కదా, జవాబులు రెండెలా వచ్చాయి, రికార్డులో ఏది రాయాలి అన్నది మీ సందేహం. తూకంలో పొరపాటు జరిగి ఉంటుందని మీ లెక్చరర్ అన్నారని కూడా రాశారు.

నేను డిగ్రీ విద్యార్థులకు ఈ ప్రయోగాన్ని చాలా ఏళ్లు చేయించాను. మీ తూకంలో తప్పున్నట్టు నాకు కనిపించడం లేదు, సూక్ష్మదర్శినిలో మీరు చూసిన దాంట్లోనూ లేదు. ఆ రెండు అంకెలూ ఒక్కటే అయి ఉంటే నేను అనుమానించేవాణ్ణి. తూకం కొలిచేది ఒకటి, సూక్ష్మదర్శిని కొలిచేది మరొకటి. రెండింటికీ నడుమ ఉన్న తేడా కణంలోని స్ఫీత పీడనం, అంటే నీటితో ఉబ్బిన కణానికీ దాని గోడకూ మధ్య ఉండే ఒత్తిడి. పాఠ్యపుస్తకంలో మనమంతా బట్టీపట్టిన నిర్వచనం ఈ తేడాను దాచేస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణంలోకి విచక్షణా పారగమ్య త్వచం గుండా నీరు ప్రయాణించడమే ద్రవాభిసరణ అని తొమ్మిదో తరగతి నుంచీ చదువుతున్నాం. పొరకు రెండు వైపులా పీడనం సమానంగా ఉన్నంతవరకు ఆ మాటకు లోటు లేదు. 1748లో ఫ్రాన్సులో అబ్బే నొలే సారాయి నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచినప్పుడు నీరు లోపలికి చేరి పొర ఉబ్బిపోయిన సంగతికి ఆ నిర్వచనం సరిపోతుంది. గుడ్డు పెంకును వెనిగర్‌లో కరిగించి మిగిలిన పొరతో మనం చేసే ప్రయోగానికీ సరిపోతుంది. మొక్క కణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్లాస్మాపొరకు వెలుపల సెల్యులోజ్‌తో అల్లిన కణకవచం ఒకటి ఉంది. నీటినీ పంచదారనూ అది అడ్డుకోదు. సాగడానికి మాత్రం అంత తేలికగా ఒప్పుకోదు. కణంలోకి నీరు చేరి రిక్తిక, అంటే కణరసం నిండిన లోపలి సంచి, ఉబ్బేకొద్దీ ప్లాస్మాపొర గోడను నెడుతుంది, గోడ తిరిగి అంతే బలంతో లోపలికి నొక్కుతుంది. ఆ నొక్కుడు నీటిని బయటికి తోస్తూ ఉంటుంది. అంటే నీరు ఎటు పోవాలన్నది తేల్చేవి రెండు: కణరసంలో కరిగి ఉన్న పదార్థాలు నీటిని లోపలికి లాగే బలం, గోడ దాన్ని బయటికి నెట్టే బలం.

పాత పుస్తకాలు దీన్ని విసరణ పీడన న్యూనత అనే పేరుతో చెప్పేవి. ద్రవాభిసరణ పీడనంలోంచి స్ఫీత పీడనాన్ని తీసివేస్తే అది వస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో నీటి శక్మం అంటున్నారు: ద్రావిత శక్మానికి పీడన శక్మాన్ని కలిపితే నీటి శక్మం. ద్రావిత శక్మం ఎప్పుడూ రుణ సంఖ్యే. ఉబ్బి ఉన్న కణంలో పీడన శక్మం ధన సంఖ్య. నీరు నీటి శక్మం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది, గాఢతతో దానికి నేరుగా పని లేదు. నా అభిప్రాయంలో రెండు పద్ధతులూ చెప్పేది ఒకటే అయినా, రుణ సంఖ్యలతో విద్యార్థులు తికమకపడుతున్నారు గాని కొత్త పద్ధతే మేలు. నేలకూ వేరుకూ ఆకుకూ గాలికీ కూడా ఒకే కొలబద్ద పనికొస్తుంది.

ఇక మీ అంకెలకు వద్దాం. గాఢతను పీడనంలోకి మార్చడానికి వాంట్ హాఫ్ సూత్రం ఉంది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అయాన్లుగా విడిపోని పంచదార లాంటి పదార్థానికి, ప్రతి ఒక మోలార్‌కు సుమారు 2.49 మెగాపాస్కల్ పీడనం వస్తుంది. పంచదార ద్రావణం చిక్కబడేకొద్దీ ఈ సూత్రం కంటే నిజమైన విలువ కొంచెం ఎక్కువగా ఉంటుంది గాని మన పనికి ఆ తేడాను పక్కన పెట్టవచ్చు. దీని ప్రకారం 0.25 మోలార్ ద్రావణపు నీటి శక్మం మైనస్ 0.62 మెగాపాస్కల్, 0.4 మోలార్ ద్రావణానిది మైనస్ 1.0. ముక్కల బరువు మారలేదంటే నీరు లోపలికి ఎంత వచ్చిందో బయటికి అంతే పోయిందని, అంటే కణజాలపు నీటి శక్మం కూడా మైనస్ 0.62 అని అర్థం. అప్పటికి కణాలు బిగువుగానే ఉన్నాయి, వాటిలో స్ఫీత పీడనం ఉంది. అందుకే ఆ ద్రావణంలో ఒక్క కణం కూడా ముడుచుకోలేదు. సూక్ష్మదర్శినిలో సగం కణాలు విడివడిన ద్రావణం చెప్పేది వేరు. అక్కడ గోడ మీద ఒత్తిడి పూర్తిగా పోయింది, పీడన శక్మం సున్నాకు చేరింది, కణానికి మిగిలింది ద్రావిత శక్మం ఒక్కటే. దాని విలువ మైనస్ 1.0.

ఇక్కడ ఒక చిన్న సవరణ చేయాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. బిగువుగా ఉన్న కణం, పొర గోడను అప్పుడే వదలబోయే ఆ ప్రారంభ సంకోచ దశకు చేరేలోగా కొంత నీటిని పోగొట్టుకుని కొంచెం చిన్నదవుతుంది, కాబట్టి దాని రసం మొదట ఉన్నదానికంటే చిక్కబడుతుంది. ఉదాహరణకు ఘనపరిమాణం 5 శాతం తగ్గిందనుకుంటే, మొదట్లో రసపు ద్రావిత శక్మం మైనస్ 0.95 ఉండి ఉండాలి. పంచదార లెక్కలో అది 0.38 మోలార్. మైనస్ 0.62లోంచి మైనస్ 0.95ను తీసివేస్తే 0.33 మెగాపాస్కల్ మిగులుతుంది. మీరు ఉల్లిగడ్డను కోసిన రోజున దాని కణాల్లో ఉన్న స్ఫీత పీడనం సుమారుగా అది. పంచర్ షాపులో కారు టైరుకు 32 కొట్టమంటాం, అంటే చదరపు అంగుళానికి 32 పౌండ్లు. 0.33 మెగాపాస్కల్‌ను అదే లెక్కలోకి మారిస్తే 48 వస్తుంది. కంటికి కనిపించని ఒక ఉల్లి కణం కారు టైరు కంటే ఒకటిన్నర రెట్లు గట్టిగా గాలి కొట్టినట్టు బిగిసి ఉందన్నమాట. కణంలో నీటి పరిమాణం మారేకొద్దీ ఈ మూడు విలువలూ ఎలా మారతాయో ఒకే బొమ్మలో చూపిన పటాన్ని 1920లో కార్ల్ హోఫ్లర్ గీశాడు. ఆ పటాన్ని ఎదురుగా పెట్టుకుని మీ అంకెలను దాని మీద గుర్తిస్తే నేను చెప్పినదంతా ఒక్క చూపులో పడుతుంది.

మీ పట్టికలో అసలు విశేషం 0.3 మోలార్ దగ్గర ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. ఆ ద్రావణంలో మీ ముక్కల బరువు తగ్గింది, అంటే నీరు కణంలోంచి బయటికి పోయింది. కాని కణరసం 0.38 మోలార్‌కు సమానమని ఇప్పుడే లెక్క కట్టాం. ఎక్కువ గాఢత గల రసంలోంచి తక్కువ గాఢత గల ద్రావణంలోకి నీరు పోయింది! బట్టీపట్టిన నిర్వచనం ప్రకారం ఇలా జరగకూడదు. నీటి శక్మం ప్రకారం చూస్తే వింతేమీ లేదు: కణానిది మైనస్ 0.62, ద్రావణానిది మైనస్ 0.75, నీరు పోవలసిన వైపుకే పోయింది. గోడ నొక్కుతున్న ఆ 0.33 మెగాపాస్కల్ లేకపోతే నీరు వెనక్కి వచ్చేదే. మన ఊళ్లలో 20 లీటర్ల డబ్బాల్లో నీళ్లమ్మే ఆర్‌ఓ ప్లాంటు చేసేది ఇదే పని. అక్కడ ఉప్పునీటిని మోటారు నొక్కుతుంది, ఇక్కడ కణరసాన్ని గోడ నొక్కుతుంది.

ఈ కారణంగానే బరువు మారని ద్రావణాన్ని సమగాఢ ద్రావణం అని రాయడం నాకు నచ్చదు. కణరసంతో సమానమైన గాఢత దానికి లేదు. దాన్ని ఆ కణజాలపు నీటి శక్మానికి సమానమైన ద్రావణం అనాలి. ఎర్రరక్తకణానికి గోడ లేదు కాబట్టి అక్కడ రెండూ ఒక్కటే, 0.9 శాతం సెలైన్ దానికి నిజంగా సమగాఢమే. సమగాఢ, అల్పగాఢ, అధికగాఢ అనే మూడు మాటలూ జంతుకణాల లెక్కకు కుదిరినంత బాగా మొక్క కణానికి కుదరవు.

స్వేదనజలంలో మీ ముక్కలు గట్టిపడి, విరిస్తే టక్కున విరిగాయని రాశారు, కణాలు పగలలేదేమని అడిగారు. స్వేదనజలపు నీటి శక్మం సున్నా. నీరు లోపలికి పోతూ ఉంటే గోడ ఒత్తిడి పెరుగుతూ వస్తుంది, రసం కాస్త పలచబడుతుంది; పీడనం సుమారు 0.9 మెగాపాస్కల్‌కు చేరేసరికి లాగే బలం, నెట్టే బలం సరిసమానమై నికరంగా నీరు పోవడం ఆగిపోతుంది. కణరసం అప్పటికీ చిక్కగానే ఉంది, బయట శుద్ధజలమే ఉంది, అయినా నీరు కదలదు. ఎర్రరక్తకణాన్ని అదే నీటిలో వేస్తే క్షణాల్లో చితుకుతుంది. గోడను తీసేస్తే మొక్క కణానికీ అదే గతి పడుతుంది. 1960లో ఇంగ్లండులో కాకింగ్ టమాటా వేరు కొనల కణాల గోడలను ఎంజైముతో కరిగించి ప్రోటోప్లాస్టులను వేరుచేసి చూపాడు. కణజాల వర్ధన ప్రయోగశాలలో ఎవరు పని చేసినా ఈ గోడలేని కణాలను మానిటాల్ లాంటి పదార్థం తగినంత కలిపిన ద్రావణంలోనే ఉంచుతారు, మామూలు నీటిలో వేస్తే అవి నిలవవు.

ఇక ముడుచుకోవడం గురించి. తెలుగు పుస్తకాల్లో కణద్రవ్య సంకోచం అని ఉంటుంది, ప్రయోగశాలలో అందరం ప్లాస్మాలిసిస్ అనే అంటాం. మీరు ఎర్ర ఉల్లిని ఎంచుకోవడం మంచి పని. కాలేజీల్లో ఎక్కువగా వాడే రియో ఆకు అడుగు పైచర్మం కూడా ఇందుకే బాగుంటుంది. రెండింటిలోనూ ఊదారంగు రిక్తికలో కరిగి ఉంటుంది, రంగు ఎక్కడుంటే రిక్తిక అక్కడుందని తెలిసిపోతుంది. కవర్‌స్లిప్ ఒక అంచున 0.6 మోలార్ ద్రావణం చుక్క పెట్టి, ఎదుటి అంచున బ్లాటింగ్ పేపర్ ముక్కతో లాగుతూ ఒకే కణం మీద చూపు నిలపండి. మొదట కణం పొడవు కాస్త తగ్గుతుంది, అంతకు మించి ఏమీ జరగనట్టే ఉంటుంది. గోడ సడలుతున్న దశ అది. ఆ తరువాత ఏదో ఒక మూలలో రంగు అంచు గోడను వదిలి లోపలికి వంగుతుంది, అటుపైన మరో మూల. కాసేపటికి రంగు ముద్ద గుండ్రబడి కణం మధ్యలో ఒక ద్రాక్షపండులా నిలుస్తుంది, దాని రంగు మొదటికంటే ముదురుగా ఉంటుంది. నీరు పోయింది, రంగు పోలేదు. విచక్షణా పారగమ్యతకు ఇంతకంటే కళ్ల ముందరి సాక్ష్యం నాకు తెలియదు. వెలుతురు తగ్గించి చూస్తే ముడుచుకున్న ముద్ద నుంచి గోడ దాకా సన్నని దారాలు కనిపిస్తాయి. వాటిని హెక్ట్ తంతువులు అంటారు. ప్లాస్మాపొర గోడను పూర్తిగా వదిలిపెట్టలేదని అవి చెబుతాయి.

గోడకూ ముడుచుకున్న పొరకూ మధ్య ఖాళీలో ఏముంటుందన్నది వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న. గాలి అనీ, శూన్యమనీ, కణంలోంచి వచ్చిన నీరనీ చెప్పినవారు నాకు ప్రతి ఏడాదీ తగిలారు. అక్కడ ఉండేది మీరు బయట పోసిన ద్రావణమే. గోడ పంచదారను ఆపదు గనుక పొర వెనక్కి తగ్గిన చోటల్లా ద్రావణం నిండుతుంది.

కొన్ని కణాలను మళ్లీ నీటిలో పెడితే కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదని రాశారు. ముడుచుకున్న కణాన్ని ఒక్కసారిగా స్వేదనజలంలోకి మారిస్తే పొర తట్టుకోలేక చిరుగుతుంది. రంగు కణమంతా పరుచుకుని, చివరికి స్లైడు మీదికే కారుతుంది. 0.6 నుంచి 0.4కు, దాన్నుంచి 0.2కు మెల్లగా దిగితే చాలా కణాలు తిరిగి గోడను తాకుతాయి. ఎక్కువసేపు ముడుచుకుని ఉన్నవి మాత్రం ఎలా మార్చినా లేవవు. పంచదార బదులు గ్లిజరాల్ వాడి చూడండి: మొదట ముడుచుకుని, మీరు నీరు పోయకుండానే నెమ్మదిగా వాటంతట అవే ఉబ్బుతాయి. గ్లిజరాల్ పొరను దాటి కొద్దికొద్దిగా లోపలికి చేరడమే కారణం. ఉప్పుతో చేస్తే గాఢత సుమారు సగం చాలు, 0.2 మోలార్‌కు కాస్త అటూ ఇటూగా. ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోయి ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కకొస్తుంది. లవణాలు తమ మోలార్ గాఢతకు మించి పనిచేస్తాయని 1880లలో మొక్క కణాలను కొలబద్దగా పెట్టుకుని హ్యూగో డి వ్రీస్ చూపాడు. తనలాగే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న వాంట్ హాఫ్‌కు ద్రవాభిసరణ పీడనాల సంగతి చేరవేసినవాడూ ఆయనే. వాంట్ హాఫ్ 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ సందర్భంలో ఇంట్లో చెప్పే ఉదాహరణల గురించి ఒక మాట. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరనిస్తే జాడీలో ఊట తేరుతుంది, ముక్కలు మెత్తబడి వంగుతాయి. మొదటి కొన్ని గంటల వరకు అది ద్రవాభిసరణే, ముక్క మెత్తబడడం స్ఫీత పీడనం పోవడమే. మూడో రోజు ముక్క లోపలి దాకా ఉప్పగా ఉందంటే ప్లాస్మాపొర చచ్చి, ఉప్పును లోపలికి రానిచ్చిందని అర్థం. అక్కడి నుంచి జరిగేది వట్టి విసరణ. ఎండుద్రాక్ష నీటిలో ఉబ్బడాన్ని అంతర్ ద్రవాభిసరణకు, అంటే నీరు లోపలికి చేరడానికి, ఉదాహరణగా పుస్తకాలు చెబుతాయి. ఆ నీటిని రుచి చూస్తే తియ్యగా ఉంటుంది, అంటే ఎండిన పండులో పొర కాపలా సరిగా లేదు. పండు ఉబ్బడం నిజమే గాని బతికున్న కణానికి దాన్ని నమూనాగా తీసుకోకూడదు.

రికార్డులో రెండు అంకెలూ రాయండి. మొదటిదాని పక్కన కణజాలపు నీటి శక్మం అనీ, రెండోదాని పక్కన కణరసపు ద్రావిత శక్మం అనీ, పైన చెప్పిన సవరణ చేశాక మిగిలిన తేడా పక్కన స్ఫీత పీడనం అనీ పేర్కొనండి. దాంతోపాటు ఒక పరిమితిని కూడా రాయాలి: మీరు తూచిన ముక్కలో అధికభాగం లోపలి కణజాలం, సూక్ష్మదర్శినిలో చూసింది పైచర్మం. రెండింటి రసమూ అచ్చంగా ఒకేలా ఉండనక్కర్లేదు, కాబట్టి 0.33 అన్నది ఒక అంచనాయే. ఉల్లిగడ్డలో వెలుపలి పొరకూ లోపలి పొరకూ కూడా తేడా ఉంటుంది గనుక రెండు ప్రయోగాలకూ ఒకే పొరను వాడండి. బంగాళదుంపతో చేసేవారు ఫ్రిజ్‌లో పెట్టిన దుంపను తీసుకోకూడదు, చలిలో దాని పిండి కొంత చక్కెరగా మారి విలువ జరిగిపోతుంది. ముక్కల బరువులు మొదట్లోనే వేరు కాబట్టి తేడాను గ్రాముల్లో కాక శాతంలో గీయాలి. తూచే ముందు ముక్క మీది తడిని అద్ది తీయాలే గాని ముక్కను నొక్కకూడదు.

తూకం మీద మీ లెక్చరర్‌కు ఇంకా నమ్మకం కుదరకపోతే త్రాసు అవసరం లేని చార్డకోవ్ పద్ధతిని చేసి చూపండి. ప్రతి గాఢతకూ రెండు గొట్టాలు పెట్టి, ఒకదానిలో ముక్కలు వేసి, రెండోదాన్ని అలాగే ఉంచండి. గంట తరువాత ముక్కలు తీసేసి, ముక్కలు వేయని గొట్టంలోని ద్రావణానికి మిథిలీన్ బ్లూ రంగు పట్టించి, దానిలోంచి ఒక చుక్కను మొదటి గొట్టం మధ్యలో పిపెట్‌తో మెల్లగా వదలండి. ముక్కలు నీటిని పోగొట్టుకుని ఉంటే అక్కడి ద్రావణం పలచబడి నీలి చుక్క కిందికి దిగుతుంది, నీటిని పీల్చుకుని ఉంటే పైకి లేస్తుంది, కదలకుండా అక్కడే మెల్లగా చెదిరిపోతే అదే కణజాలపు నీటి శక్మం. మీ ఉల్లికి అది 0.25 దగ్గరే రావాలి. రంగును నీటిలో కలిపి పోయకండి. సూదిమొనకు అంటినంత పొడి చాలు, లేకపోతే ఆ రంగునీరు మీ ద్రావణాన్నే పలచబరిచి చుక్కను పైకి లేపుతుంది.